పాత బండికి పెద్ద ఇంజను

మిరప కోతలు ముగిసి, యార్డులో సరుకు అమ్ముడుపోయి, చేతికి నాలుగు డబ్బులు వచ్చు వేసవి దినములలో, గుంటూరు మొదలు ఒంగోలు వరకు గల మోటారు సైకిలు షెడ్లలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచుండును: "మన బుల్లెట్టుకు పెద్ద ఇంజను ఎక్కించొచ్చా?" అడుగువారు పలు విధములవారు. ఒకరు ఇల్లాలిని వెనుక కూర్చుండబెట్టుకొని శ్రీశైలము పోయి రావలెనని కోరుదురు. ఒకరు మిరప వ్యాపారము మీద గుంటూరునకును కర్ణాటకలోని బ్యాడగికిని మధ్య తిరుగుచుందురు. చదువు ముగించిన యువకులు లడాఖు వరకు పోయి రావలెనని ఉవ్విళ్ళూరుచుందురు. అందరి కోరికయు ఒక్కటే. తండ్రి కాలమునుండి ఇంట నున్న బండిని వదలుకొనరాదు. కాని అది ఇప్పటికంటె బలముగా నడవవలెను.

ఈ కోరికలో తప్పు లేదు. అయితే దీనికై వేల రూపాయలు ఖర్చు చేసి, ఆ పిమ్మట ఆశించినది దొరకలేదని విచారించువారు కలరు. దొరికినది అదుపులో ఉంచుకొనలేక ఆపద పాలగువారును కలరు. కనుక పెద్ద ఇంజను వలన ఏమి లభించును, ఏమి లభింపదు, దానితోపాటు ఇంకను ఏమేమి మార్చవలెను, చట్టము ఏమనుచున్నది – ఈ నాలుగు సంగతులను నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

ముందుగా మన దారులను చూతము. ఈ ప్రత్తి, మిరప మైదానమున మోటారు సైకిలు మూడు విధముల దారులపై నడవవలసి యుండును. మొదటిది చేలకు పోవు డొంక. నల్లరేగడి ఎండినప్పుడు బండిజాడలు రాతివలె గట్టిపడును. నాలుగు చినుకులు పడినంతనే మట్టి చక్రమునకు పేరుకొని, మడ్‌గార్డు నిండి, బండిని కదలనీయదు. రెండవది కలకత్తా – చెన్నై జాతీయ రహదారి. ఒకప్పుడు 5వ నంబరుగా ఉండి ఇప్పుడు 16వ నంబరైన ఈ రహదారి గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలుల మీదుగా చదునుగా సాగిపోవును. మూడవది నల్లమల ఘాటు. వినుకొండ దాటి దోర్నాల చేరిన తరువాత అడవి, మలుపులు, ఎగుడు దిగుడులు. డొంకకు నిదానమైన బలము కావలెను. రహదారికి నిలకడయైన వేగము కావలెను. ఘాటునకు బరువును ఎత్తు శక్తి కావలెను. "పెద్ద ఇంజను" అను ఒక్క మాట ఈ మూడింటికిని ఒకే విధముగా సమాధానము కాజాలదు.

ఇక బండి సంగతి. ఇట్టి మార్పు మాట వచ్చినప్పుడు మన ప్రాంతమున మొదట తలపునకు వచ్చునది బుల్లెట్టే. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టినది. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరు కర్మాగారమున ఈ బండ్ల నిర్మాణము సాగినది. 1970 ప్రాంతమున ఇంగ్లండులో మాతృసంస్థ మూతపడినను, మద్రాసులో బండి మాత్రము నిలిచినది. పోత ఇనుప సిలిండరు గల అదే మూస ఇంజను అర్ధశతాబ్దికి పైగా పెద్ద మార్పు లేక తయారగుచు వచ్చినది. అందువలననే దాని విడిభాగములు సులువుగా దొరకును. దాని మర్మము తెలిసిన మెకానిక్కులు ఊరూరను కలరు. పెద్ద ఇంజను ఆశ పుట్టుటకును ఇదియే కారణము. అదే సంస్థ 350 సి.సి. బుల్లెట్టును, 500 సి.సి. బుల్లెట్టును నిర్మించినది. రెండును తోబుట్టువులవలె కన్పట్టును. ఒకదాని సిలిండరును మరియొకదానికి ఎక్కించిన సరిపోవునుగదా యని తోచుట సహజము.

ఈ అంకెల అర్థమేమో కొంచెము విచారింతము. పాత 350 బుల్లెట్టు సిలిండరు లోపలి వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను పైకి క్రిందికి కదలు దూరము 90 మిల్లీమీటర్లు. లెక్క కట్టినచో 346 ఘన సెంటీమీటర్లు వచ్చును. 500 బుల్లెట్టులో పిస్టను కదలు దూరము అదే 90 మిల్లీమీటర్లు. వ్యాసము మాత్రము 84. లెక్క 499 అగును. వ్యాసము పెరిగినది ఐదింట ఒక వంతు. పరిమాణము పెరిగినది నూటికి 44 వంతులు. వృత్తవైశాల్యము వ్యాసముయొక్క వర్గముతో పెరుగుననుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు. తరువాత వచ్చిన 535 సి.సి. ఇంజను రహస్యమును ఇదియే: వ్యాసమును 87 మిల్లీమీటర్లు చేసిరి.

పరిమాణము 44 వంతులు పెరిగినప్పుడు బలమును అంతే పెరుగునని అనుకొందురు. అట్లు జరుగలేదు. పాత 350 బుల్లెట్టు శక్తి సుమారు 18 అశ్వశక్తి. 500 బుల్లెట్టుది సుమారు 22. అనగా పెరిగినది నూటికి 22 వంతులు. ఆ పెరిగిన శక్తితో బండి వేగము ఎంత పెరుగును? ఇచ్చట గాలి అడ్డుపడును. చదునైన రహదారిపై వేగముగా పోవు బండి ముఖ్యముగా పోరాడునది గాలితోనే. గాలి నిరోధము వేగముయొక్క వర్గముతో పెరుగును. దానిని గెలుచుటకు కావలసిన శక్తి ఘనముతో పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల నుండి 100 కిలోమీటర్లకు పోవలెనన్నచో శక్తి దాదాపు రెట్టింపు కావలెను. ఈ లెక్క ప్రకారము శక్తి 22 వంతులు పెరిగినప్పుడు గరిష్ఠ వేగము పెరుగునది 7 వంతులు మాత్రమే. గంటకు నూరు కిలోమీటర్లు పోగల బండి నూట ఏడు పోవును. ఈ ఏడు కిలోమీటర్ల కొరకు ఇంజను విప్పుట లాభసాటి బేరము కాదు.

అట్లైనచో పెద్ద ఇంజను దండుగయేనా? కాదు. దాని గుణము వేరొకచోట నున్నది. 500 ఇంజను తక్కువ చుట్లు తిరుగుచున్నప్పుడే ఎక్కువ తిప్పుడు బలమును, అనగా టార్కును, ఇచ్చును. ఇద్దరు మనుషులు, సామాను, బండి కలసి 350 కిలోల బరువు అనుకొందము. పన్నెండు మీటర్లు సాగునప్పటికి ఒక మీటరు లేచు ఎక్కుడును ఆ బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో ఎక్కవలెనన్నచో, ఆ బరువును పైకెత్తుటకే నాలుగు అశ్వశక్తికి పైగా కావలెను. గాలికిని, చక్రముల రాపిడికిని కావలసినది దీనికి అదనము. చిన్న ఇంజను ఈ పనిని క్రింది గేరులో రొద చేయుచు చేయును. పెద్దది పై గేరులో నింపాదిగా చేయును. వెనుక సీటు మీద మిరప టిక్కీ నొకదానిని కట్టుకొని డొంక వెంట వచ్చు రైతునకును ఇదే అనుభవము కలుగును. కనుక మేము చెప్పదలచిన మొదటి మాట ఇది: పెద్ద ఇంజను వేగమునకు కాదు, బరువునకు, చదునునకు కాదు, ఎక్కుడునకు.

రెండవ మాట ఇంకను ముఖ్యమైనది. ఒంగోలు గిత్తను పెంచిన ప్రాంతము మనది. బక్క ఎడ్ల కొరకు చేసిన బండికి మేలుజాతి గిత్తలను కట్టినప్పుడు ఏమగునో ఇక్కడి పెద్దలకు చెప్పనక్కరలేదు. గిత్తలు లాగును, ఇరుసు ఓర్వదు, కాడి ఓర్వదు, పగ్గము ఓర్వదు. తెలిసిన రైతు గిత్తలను మార్చునప్పుడే ఇరుసును, కాడిని, పగ్గమును సరిచూచుకొనును. మోటారు సైకిలునకును న్యాయము ఇదియే.

ఇరుసు, కాడి అనదగినవి ఏవి? పెద్ద సిలిండరు పట్టుటకై క్రాంకు కేసు నోటిని బోరింగు మిషను మీద పెద్దది చేయవలసి యుండును. ఒకసారి కోసిన లోహము తిరిగి రాదు. పెద్ద పిస్టను బరువు ఎక్కువ; దానికి తగినట్లు క్రాంకు తూకమును సరిచేయనిచో, ఒక్క సిలిండరు బండికి సహజమైన అదురు మరింత పెరిగి నట్లను వదులుచేయును, చేతులకు తిమ్మిరి ఎక్కించును. క్లచ్చి ప్లేట్లు, గేరు పండ్లు, చైను ఈ మూడును కొత్త బలమును మోయగలవో లేవో చూడవలెను. పెట్రోలు ఎక్కువ కాలును గనుక కార్బురేటరు జెట్లు మారవలెను.

వేడి సంగతియు మరువరాదు. కాలిన పెట్రోలు వేడిలో సుమారు పావు వంతు మాత్రమే పనిగా మారును. మిగిలినదంతయు పొగగొట్టము ద్వారాను, సిలిండరు చుట్టునున్న రెక్కల ద్వారాను గాలిలోనికి పోవలెను. వేసవి ఎండలకు పేరుపడిన రెంటచింతల మన పల్నాటిలోనిదే. ఆ ఎండలో, వెనుకనుండి గాలి వీచు ఎక్కుడున, నిదానముగా పోవు బండికి చల్లదనము ఎచ్చటనుండి వచ్చును? చేతికి దొరకిన సిలిండరును తొందరగా అమర్చి, జెట్టును చూడక నడిపినచో పిస్టను పట్టివేయును. రహదారి మీద వెనుక చక్రము ఒక్కసారిగా బిగిసికొనుట ప్రాణాంతకము.

ఇక పగ్గము. మోటారు సైకిలునకు పగ్గము బ్రేకే. పెద్ద ఇంజను వలన గరిష్ఠ వేగము అంతగా పెరుగదని పైన చెప్పినాము. కాని హాయిగా సాగు వేగము పెరుగును. ఇంతకు ముందు 60 వద్ద చాలుననిపించిన బండి ఇప్పుడు 90 వద్దకూడ ఆయాసపడదు. అపాయమంతయు ఇచ్చటనే యున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున నున్న బండి, బ్రేకు నొక్కిన పిదప 28 మీటర్లలో ఆగుననుకొందము. అవే బ్రేకులతో 90 కిలోమీటర్ల వేగమున సుమారు 63 మీటర్లు కావలెను. కన్ను చూచి చేయి కదలుటకు ఒక సెకను పట్టుననుకొన్నను, ఆ సెకనులో మొదటి బండి 17 మీటర్లు, రెండవది 25 మీటర్లు పోవును. మొత్తము 45 మీటర్లకు బదులు 88 మీటర్లు. మన రహదారిపై సందెవేళ దీపము లేని ట్రాక్టరు అడ్డముగా రావచ్చును. మేత నుండి ఇల్లు చేరు గేదెల మంద దాటుచుండవచ్చును. ఆ తేడాయైన 43 మీటర్లు ఒక కుటుంబముయొక్క భవిష్యత్తు. 500 బుల్లెట్టును నిర్మించిన కర్మాగారము వారే దానికి మరింత బలమైన ముందు బ్రేకును అమర్చిరి. ఇంజనును మాత్రము తెచ్చి బ్రేకును విడిచిపెట్టువాడు, వారు చేసిన పనిలో సగమునే అనుకరించుచున్నాడు.

ఇంజను మార్పిడికి ప్రపంచమున పేరెన్నికగన్న ఉదాహరణములు లేకపోలేదు. 1950, 60 దశకములలో ఇంగ్లండు యువకులు ట్రయంఫ్ ఇంజనును నార్టన్ చట్రములో అమర్చి, రెండు పేర్లను కలిపి "ట్రైటన్" అని పిలిచిరి. వారు బలమైన ఇంజనును తెచ్చి బలహీనమైన చట్రమున పెట్టలేదు. రోడ్డును గట్టిగా పట్టునని పేరుపొందిన నార్టన్ చట్రమును కోరి ఎన్నుకొనిరి. ఆస్ట్రేలియాలో పాల్ కార్‌బెరీ అను ఆయన రెండు బుల్లెట్టు సిలిండర్లను ఒకే క్రాంకు కేసుపై "వి" ఆకారమున నిలిపి 1000 సి.సి. ఇంజనును నిర్మించెను. ఆ బండి నిర్మాణము తరువాత మన దేశమున ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి వచ్చినది. ఆ ఇంజను కొరకు చట్రమునే మార్చవలసి వచ్చినది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 2018లో 648 సి.సి. జంట సిలిండర్ల బండ్లను విడుదల చేసినప్పుడును పాత చట్రమును వాడలేదు. సరికొత్త చట్రమును, డిస్కు బ్రేకులను సమకూర్చిరి. గొప్ప పనివారందరు చేసినది ఒక్కటే. ఇంజనుతోపాటు బండిని కూడ మార్చిరి.

దీనికి విపరీతమైన మార్పును మన దేశమున జరిగినది. పెట్రోలు ఖర్చునకు వెరచి డీజిలు ఇంజనును కోరినవారు కలరు. ఎన్‌ఫీల్డ్ వారే 325 సి.సి. డీజిలు బుల్లెట్టును కొంతకాలము అమ్మిరి. దాని శక్తి ఆరున్నర అశ్వశక్తి మాత్రమే. కాని లీటరునకు ఎక్కువ దూరము పోవుటచే దానిని మెచ్చినవారుండిరి. పొగ నియమములు కఠినమైన పిదప అది కనుమరుగైనది. ఎవరి అవసరమునకు ఏది తగునో అదే మంచి ఇంజను గాని, పెద్దదెల్ల మంచిది కాదని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున నమోదైన వివరములకు భిన్నముగా యజమాని వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ చట్టము ప్రకారము, అనుమతి లేని భాగములను అమర్చి వాహనమును మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అరిగిపోయిన ఇంజనునకు బదులు అదే రకపు ఇంజనును వేయించుకొనువారు కూడ ముందుగా రవాణా కార్యాలయపు అనుమతి పొంది, కొత్త ఇంజను నంబరును ఆర్.సి.లో వ్రాయించుకొనవలెను.

బీమా విషయమున ఒక చిక్కు కలదు. మూడవ పక్షపు బీమా రుసుము సి.సి.ని బట్టి నిర్ణయింపబడును. 350 దాటిన బండ్లు వేరొక తరగతి. పత్రమున 346 అని యుండి, లోపల 499 తిరుగుచున్నచో, ప్రమాదము జరిగిన దినమున కంపెనీ చేయు మొదటి ఆక్షేపణ అదియే కావచ్చును. పన్ను విషయమునను ఈ 350యే సరిహద్దు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్ళపై జి.ఎస్.టి. 18 శాతము, అంతకు మించిన వానిపై 40 శాతము. ఈ వ్యత్యాసమును చూచి, పెద్ద బండి కొనుటకంటె చిన్న బండిని పెద్దదిగా చేసికొనుట చౌక యని తలచువారుండవచ్చును. వారు పైన చెప్పిన శిక్షలను, బీమా చిక్కును లెక్కలో చేర్చి చూచుకొనవలెను.

మరి పాత బండి బలము తగ్గినదని బాధపడువారికి మార్గమేమి? మేము మాటలాడిన మెకానిక్కులలో అనుభవశాలురు చెప్పునది ఒక్కటే: "ముందు ఉన్న ఇంజనును బాగుచేయండి." అరిగిన సిలిండరును రీబోరు చేయించి, తగిన పిస్టనును, రింగులను వేయించవలెను. వాల్వులను గ్రైండింగు చేయించి, ట్యాపెట్లను సరిచూపవలెను. రేగడి దుమ్ముతో మూసికొనిపోయిన గాలి ఫిల్టరును మార్చవలెను. చైను బిగువు, చక్రముల బేరింగులు, టైర్ల గాలి – వీనిని చూడవలెను. 18 అశ్వశక్తి బండి అరిగి అరిగి 14కు దిగినదనుకొందము. సరిచేసిన మాత్రముననే పోయిన నాలుగును తిరిగి వచ్చును. 500 సిలిండరు అదనముగా ఇచ్చునదియు ఆ నాలుగే. చట్టము అడ్డుపడదు, ఆర్.సి. మారదు; చట్రము తాళగలదు.

దూర ప్రయాణమున ఇంజను రొద తగ్గవలెననుకొనువారికి ఇంకొక చిన్న ఉపాయము కలదు. గేరుపెట్టె వైపునున్న స్ప్రాకెట్టుకు 16 పండ్లున్నచో, 17 పండ్లది వేసినప్పుడు అదే వేగమునకు ఇంజను నూటికి ఆరు చుట్లు తక్కువ తిరుగును. రహదారిపై బండి నెమ్మదిగా ఊపిరి పీల్చుకొనును. అయితే ఎక్కుడున బలము అంతే తగ్గును. ఒంగోలు – గుంటూరుల మధ్య తిరుగువారికి ఇది మేలు. తరచుగా శ్రీశైలము పోవువారికి కాదు. ఏ దారిన ఎక్కువగా పోవుదుమో తెలిసికొని మార్పు చేసికొనవలెను గాని, పొరుగువాడు చేయించెనని చేయించరాదు.

ధనము సంగతి చివరికి చెప్పుచున్నాము గాని అది చిన్నది కాదు. 2021–22 పంట కాలమున నల్ల తామర పురుగు మిరప తోటలను పాడుచేసినప్పుడు, అంతకు ముందు ఏడాది మిగిలిన డబ్బును నిలుపుకొన్న కుటుంబములు కొంత తెప్పరిల్లినవి. ఒక పంట లాభమును బండికి పెట్టదలచిన యువకుడు ఈ సంగతిని మరువరాదు. ఇంజను మార్పునకు మెకానిక్కు చెప్పిన మొత్తముపై క్లచ్చి, చైను, బ్రేకు, టైర్లు, మరల మరల షెడ్డునకు తిరుగు ఖర్చు – వీనినన్నిటిని కూడిన తరువాత మిగులు అంకెనే అసలు వెలగా తలచవలెను. ఆ అంకె, పాత బండిని అమ్మగా వచ్చు సొమ్ముతో కలసి, కర్మాగారమున పెద్ద ఇంజనుకే నిర్మింపబడిన బండి వెలకు ఎంత దగ్గరగా వచ్చునో చూచి ఆశ్చర్యపడువారు కలరు.

తండ్రి నడిపిన బండిపై మమకారము గౌరవింపదగినది. ఆ మమకారమును చూపుటకు దాని రూపమును, ఇంజనును చెడగొట్టకుండ, కొత్తదానివలె నడచునట్లు చేయించుట ఉత్తమమైన మార్గమని మా అభిప్రాయము. ఈ లెక్కలన్నియు వేసికొనిన తరువాతను పెద్ద ఇంజను తప్పదని తోచినవారు, మొదట రవాణా కార్యాలయమునకును, తరువాత పని తెలిసిన మెకానిక్కు వద్దకును పోవుదురు గాక. వారు పని నొక్కటి మాత్రము వరుస తప్పక చేయవలెనని మా మనవి: ఇంజనును ముట్టుటకు ముందు బ్రేకులను బాగుచేయించవలెను.